పస్తుంచి కోయాలి

ఇరవై ఏడేళ్ళపాటు మా ఇంట్లో పొద్దున్నే మొదట వెలిగింది స్టవ్వు. మా ఆయన అయిదున్నరకి లేచేవారు. నేను టీ పెట్టేదాన్ని. ఆయన ఓ చేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో గోడ మీది క్యాలెండరు కాగితం చింపి, మడిచి చొక్కా జేబులో పెట్టుకునేవారు. ఆరుంబావుకల్లా సైకిలు గేటు దాటేది. ఇప్పుడు ఏడు దాటేదాకా నేను స్టవ్వు జోలికి పోను. ముందు సీసాలు, ఆ తర్వాతే నా టీ.

వంటింటి కిటికీ గట్టు మీద తొమ్మిది గాజు సీసాలున్నాయి. వాటినిండా ఉప్పునీళ్ళు. అడుగున ఆల్చిప్ప ముక్కలు, ఆ ముక్కలకి అంటుకుని గోధుమరంగు పువ్వులు. ఒక్కోటి బియ్యపుగింజంత. చుట్టూ వెంట్రుకల్లాంటి రేకులు. వాటి మేత ఆర్టీమియా. అదో ఉప్పునీటి పురుగు, రొయ్యకి చుట్టం. దాని గుడ్లు ఆవగింజ కన్నా చిన్నవి. ముందురోజు ఉప్పునీళ్ళలో వేసి గాలిగొట్టం పెడితే మర్నాటికి నారింజరంగు నలుసుల్లా ఈదుతుంటాయి. డ్రాపరుతో పీల్చి, ఒక్కో సీసాలో నాలుగైదు చుక్కలు వదలాలి. రేకులు నలుసుల్ని పట్టుకుని నోట్లోకి వంచుకుంటాయి. రెండు గంటలాగి నీళ్ళు మార్చాలి. మిగిలిన మేత కుళ్ళిందంటే పువ్వులు పోతాయి.

మా వదిన, అంటే ఆయన అక్కగారు, చూసిన మొదటిరోజే అనేసింది. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి మా తమ్ముడు నీకు తొమ్మిదిమందిని ఇచ్చిపోయాడే! ఒక్కడూ ఏడవడు, ఒక్కడూ బడికెళ్ళడు."

మాకు పిల్లల్లేరు. వదిన నోరంతే. చేత్తో పెట్టి మాటతో పొడుస్తుంది.

ఆయన చేసింది సముద్రజీవుల ల్యాబులో తొట్లు కడిగే ఉద్యోగం. చేరినప్పుడు చేతికిచ్చింది ఒక బ్రష్షు, ఒక బకెట్టు, ఒక రబ్బరు గొట్టం. ఆ గది కిటికీల్లేని పొడుగాటి గది. గోడ పొడవునా మూడు వరసల్లో తొట్లు, పైన నీలం దీపాలు, మోటారు రొద. అందులోంచి వచ్చిన మనిషి చేతివేళ్ళు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉండేవి. తొట్టె కడగాలంటే అందులో ఉన్నదాన్ని ముందు చూసి తియ్యాలి కదా. అలా చూసీ చూసీ ఆయనకి అందులో ఉన్నవన్నీ తెలిసిపోయాయి. చదువుకునే పిల్లలు తొట్ల బాబాయి అని పిలిచేవాళ్ళు. ఏ జీవికి జబ్బు చేసినా ముందు బాబాయి దగ్గరికే పరుగెత్తేవాళ్ళు.

నాకు తెలిసిందంతా అన్నం దగ్గర ఆయన చెప్పగా విన్నదే. జెల్లీచేప అంటే అందరికీ తెలిసింది గొడుగు. ఆ గొడుగుకి పుట్టిన పిల్ల మాత్రం గొడుగులా ఉండదు. నలుసులా ఈదుకుంటూ పోయి, రాయికో చిప్పకో అంటుకుని పువ్వవుతుంది. కొన్నిట్లో ఆ పువ్వు ఏళ్ళతరబడి అక్కడే ఉండి, తనలాంటి పువ్వుల్నే ఇంకా ఇంకా మొలిపిస్తుంది. నీళ్ళు చల్లబడ్డ కాలంలో, పళ్ళాలు దొంతర పెట్టినట్టు, నిలువునా గాట్లు పడుతుంది. పై పళ్ళెం ఊడి, కొట్టుకుంటూ ఈదిపోయి గొడుగవుతుంది. దాని వెనక రెండోది. పగడాలు వీటి దాయాదులేనట, కానీ వాటి వంశంలో గొడుగులే లేవు. పువ్వుగా పుట్టి పువ్వుగానే పోతాయి.

"మరి ఈ పువ్వు ఏ గొడుగుదో ఎలా తెలుస్తుందండీ?" అన్నాను ఓసారి.

"తెలీదు. అదే తంటా. పువ్వులన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందుకే జన్యువులు చూస్తారు. పువ్వులో ఓ ముక్క, గొడుగులో ఓ ముక్క కోసి స్పిరిట్‌లో వేసి మిషన్లో పెడతారు. రెండిటి లోపలి రాతా ఒకటే అయితే రెండూ ఒకే ఇంటివి." మజ్జిగ పోసుకుంటూ ఇంకో ముక్క చెప్పారు. "కోసేముందు రెండ్రోజులు పస్తుంచాలి. లేకపోతే మిషను దాని రాత బదులు అది తిన్నదాని రాత చదువుతుంది."

ఆ ఒక్క ముక్క మీదే మా బతుకు తిరగబడింది.

ఈ గోధుమరంగు పువ్వులు పదకొండేళ్ళ కిందట ఒక ఆల్చిప్పకి అంటుకుని ల్యాబుకొచ్చాయి. ఇవి ఏ గొడుగువో ఎవరికీ తెలీదు. ఆయనకి మాత్రం అనుమానం. ఒక చలికాలంలో ఒక పువ్వు గాట్లు పడి, నాలుగు పళ్ళాలు వదిలింది. అవి ఒక్కరోజే బతికాయి. ఆ ఒక్కరోజూ ఆయన భూతద్దం పెట్టుకుని కూచున్నారు. "ఎర్రగీతల గొడుగు పిల్లలివి. ఆ కొట్టుకోవడం నాకు తెలుసు" అన్నారు ఇంటికొచ్చి. ఆ మాట ల్యాబులో ఆయన్ని ఎవరూ అడగలేదు.

ల్యాబుకి పెద్దసారు అని ఒకడున్నాడు. సారు అనడం నోటి అలవాటు. అన్నారు, వచ్చారు అని రాయడానికి మాత్రం నాకు చెయ్యి రావడం లేదు.

ఒక వారం ఆర్టీమియా గుడ్లు పాడైపోయాయి. డబ్బాలో చెమ్మ చేరింది. కొత్త డబ్బా వచ్చేదాకా ఆయన ఒడ్డుకి కొట్టుకొచ్చిన పెద్ద నీలిగొడుగు ఒకటి తెచ్చి, సన్నగా తరిగి పువ్వులకి మేపారు. సరిగ్గా ఆ వారమే పెద్దసారు దిగాడు. ఎక్కడో సభ ఉందట, అక్కడ చెప్పడానికి ఏదో ఒకటి కావాలట.

"పొట్టలో మేతుంది సార్. ఎల్లుండి దాకా ఆగండి" అన్నారు ఈయన.

"ఏమోయ్, తొట్లు కడిగే చేతికి కళ్ళు కూడానా?" అని నవ్వి, మూడు పువ్వులు కోసుకుపోయాడు.

మిషను నీలిగొడుగు పేరు చెప్పింది. చెప్పదూ మరి, కడుపునిండా అదేగా! కానీ నీలిగొడుగు పువ్వు ఎక్కడుంటుందో అప్పటిదాకా లోకంలో ఎవరికీ దొరకలేదట. పెద్దసారు కనిపెట్టేశాడు! పేపర్లో ఫోటో, మెళ్ళో దండ. ఫోటోలో వెనకాల తొట్టె ఉంది. ఆ తొట్టె కడిగిన మనిషి ఫోటో బయట నిలబడి ఉన్నారు. ఆయన మళ్ళీ వెళ్ళి చెప్పారు, పస్తుంచి ఇంకోసారి చూడమని. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడట.

రెండేళ్ళకి ఇంకో దేశం ల్యాబువాళ్ళు ఆ పువ్వులు కావాలని అడిగి తెప్పించుకున్నారు. దారిలో వారం రోజులు మేత లేదు. పొట్టలు ఖాళీ. వాళ్ళ మిషను, ఇది నీలిగొడుగు కానే కాదు అంది. మరి ఏదంటే వాళ్ళకీ తెలీదు. ఎర్రగీతల గొడుగు రాత అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

అప్పుడు పెద్దసారు చెప్పిన మాట ఇది: "తొట్లవాడు సీసాలు కలిపేశాడు."

విచారణ జరిగింది. పొడుగు బల్ల, ఆరు కుర్చీలు. ఈయన్ని నిలబెట్టే అడిగారు. ఈయన నోరు విప్పలేదు. నేను ఇంట్లో రాద్ధాంతం చేశాను. "ఎందుకు చెప్పలేదండీ? నాలుక ఇంట్లో మర్చిపోయి వెళ్ళారా?"

"చెప్పాను. రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్తే సాకు అంటారు" అన్నారు.

తొట్ల గది తాళంచెవి తీసుకుని, స్టోరులో కూచోబెట్టారు. చీపుర్లు, బల్బులు, తెల్లకాగితాల బొత్తులు. నీటి చుక్క లేదు. "కలిసిపోయిన" సీసాలు పారబొయ్యమని ఆయనకే చెప్పారు. సాయంత్రం అన్నం డబ్బా సంచి బరువుగా మోసుకొచ్చి, వంటింటి గట్టు మీద సీసాలు ఒక్కోటే పెట్టారు.

"పారబొయ్యమన్నారుగా?"

"పారబోశాను. మనింట్లో."

అదే ఆయన ఆఖరి హాస్యం. స్టోరులో ఎనిమిది నెలలు కూచున్నారు. వేళ్ళ ముడతలు పోయి చేతులు గుమస్తా చేతుల్లా పొడిబారిపోయాయి. ఒకనాటి మధ్యాహ్నం కుర్చీలోనే తల వాల్చేశారు. గుండె అన్నాడు డాక్టరు.

పరామర్శకి పెద్దసారు వచ్చాడు. చెప్పులు గుమ్మంలో విడిచి, చేతులు కట్టుకుని, అందరూ వినేలా అన్నాడు: "నమ్మకమైన మనిషమ్మా. కాస్త మతిమరుపు, అంతే."

అప్పటిదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆ మాటతో ఏడుపు ఆగిపోయింది. మళ్ళీ ఇంతవరకూ రాలేదు. ఇరవై ఏడేళ్ళలో ఉప్పు డబ్బా ఎక్కడుందో మర్చిపోని మనిషి. నా మందు వేళ నేను మరిచినా తను మరవని మనిషి. వదిన నా భుజం పట్టుకుని "పోనీలేవే, పెద్దవాళ్ళు" అంది. పోనివ్వదలుచుకోలేదు నేను.

ఆయన చింపి జేబులో పెట్టుకున్న క్యాలెండరు కాగితాలు ఒక ఇనప్పెట్టెనిండా ఉన్నాయి. వెనకవైపు రోజూ రాసుకునేవారు: ఏ తొట్టె కడిగారు, ఏ సీసాకి ఏం మేపారు. కూడబలుక్కుని చదువుతూ వెతికాను. పదహారు రోజులు పట్టింది. దొరికింది. "పది గంటలకి నీలిగొడుగు ముక్కలు మేపాను. పదకొండున్నరకి పెద్దసారు మూడు కోశారు. పొట్టలో మేత ఉందని చెప్పాను. వినలేదు." ఆ కాగితం మడత విప్పి, ఇస్త్రీ చేసి, నా చీరల మధ్య పెట్టుకున్నాను. ఎవరికివ్వాలో తెలియలేదు. సీసాలకి మాత్రం ఒక్క పూటా మేత తప్పనివ్వలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. ఒకప్పుడు పెద్దసారు దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు వేరే ల్యాబులో జన్యువుల పనే చేస్తోందట. గుమ్మంలోనే నిలబడి నీళ్ళు నమిలింది. "ఆ రోజు స్పిరిట్ సీసా పట్టుకుని పక్కనున్నది నేనే పిన్నిగారూ. బాబాయి చెప్పింది విన్నాను. మాట్లాడలేదు. మాట్లాడుంటే నా చదువు పోయేది."

"నీ లెక్క తర్వాత చూస్తాను. లోపలికి రా" అన్నాను.

కిటికీ గట్టు చూసి నోరు తెరిచేసింది. ల్యాబులో తొట్టెలో ఉంచుకున్న పువ్వులు కూడా దాదాపు అన్నీ పోయాయట. చూసే దిక్కు లేక. "ఒక ముక్క కోసుకోనా పిన్నిగారూ? ఇప్పుడే, ఇక్కడే?"

"ఆగు! గంట కిందటే తిన్నాయి. నువ్వూ ఆ బాపతేనా?"

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. సిగ్గుపడింది. పడనిచ్చాను.

మూడ్రోజుల తర్వాత రమ్మన్నాను. ఆమె వెళ్ళాక గట్టు ముందు నిలబడి ఆలోచించాను. పస్తుంచి కోస్తే ఆయన చెప్పింది నిజమని తేలుతుంది. సరే. కానీ వాడు చేసింది ఏమిటో ఎలా తేలుతుంది? సీసాలు కలిశాయన్న మాట అలాగే మిగిలిపోతుంది కదా. అందుకని నాలుగు సీసాల్ని పస్తుంచాను. ఒక్క సీసాకి వాడి వంట వండుదామనుకున్నాను.

వదినని వెంటబెట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. రెండు పొద్దులు తిరిగితే నీలిగొడుగు ఒకటి కొట్టుకొచ్చి కనిపించింది. పళ్ళెమంత ఉంది.

"ముట్టుకోకే, కుడుతుంది!" అని వదిన అరుస్తూనే ఉంది. చేతికి చుట్టిన సంచి చిరిగింది. మణికట్టు దాకా కుంపట్లో పెట్టినట్టయింది.

"ఎందుకే నీకీ తద్దినం?" అంది వదిన, నా చెయ్యి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ.

"మీ తమ్ముడికి మతిమరుపు లేదని చెప్పడానికి వదినా."

వదిన కొంగు చించి నా చేతికి చుట్టి, ఆ గొడుగుని బకెట్లోకి తనే తోసింది. తోస్తూ, నేను రాయలేని మాటొకటి పెద్దసారుని అంది.

అమ్మాయి వచ్చిన పొద్దున పది గంటలకి ఒక సీసాకి నీలిగొడుగు ముక్కలు మేపాను. పదకొండున్నరకి కొయ్యమన్నాను. కాగితంలో ఉన్న వేళలే. పస్తున్న సీసాల్లోంచి మూడు, మేసిన సీసాలోంచి మూడు. అమ్మాయి ఒక్కో ముక్కనీ విడి గొట్టంలో వేసి, చీటీ అంటించి, నాకు చదివి వినిపించి మరీ మూత పెట్టింది. ఎర్రగీతల గొడుగు ముక్క వలలవాళ్ళ దగ్గర తను సంపాదిస్తానంది. కాగితాన్ని ఫోటో తీసుకుంది. అసలు కాగితం ఇవ్వలేదు నేను. సాయంగా పెంచుకోమని రెండు చిప్ప ముక్కలు కొత్త సీసాలో వేసిచ్చాను.

మూడు వారాలకి ఫోను చేసింది. "పిన్నిగారూ! పస్తున్నవి మూడూ ఎర్రగీతల గొడుగే. అచ్చం, అక్షరం తేడా లేదు. బాబాయి కరెక్టు. మేసిన మూడింట్లో రెండు నీలిగొడుగు అంటున్నాయి. మూడోదాంట్లో రెండూ కలిసొచ్చాయి!"

"అంటే?"

"అంటే సీసాలు ఎవరూ కలపలేదు. సారు కోసింది మేతని."

ఫోను పెట్టేశాను. నాకు సంతోషం వెయ్యలేదు. ఆకలేసింది. ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను.

అమ్మాయి అదంతా రాసి, పరిశోధనలు అచ్చేసే పుస్తకానికి పంపింది. అచ్చవడానికి టైము పడుతుందంది. ఆ కబురు పెద్దసారు చెవిన పడిన వారానికే మా ఇంటిముందు కారాగింది. దిగిన పెద్దసారు చేతిలో ఐసు పెట్టె.

"అమ్మాయి ఏదో రాసిందట కదమ్మా. మంచిదే. సరిదిద్దుకోవడం సైన్సులో మామూలే."

"ఎవరి తప్పు సరిదిద్దుకోవడం?"

"తప్పని కాదు. నమూనా దశలో కొంత గందరగోళం జరిగింది."

"జరిగింది సరే. చేసిందెవరు?"

ఇలాంటప్పుడు మనుషులు టీకప్పులోకి చూసుకుంటారు. నేను టీ ఇవ్వలేదు. వాడికి చూసుకోవడానికి కప్పు కూడా లేదు.

"పోయినవాడి పేరు ఇప్పుడు ఇందులోకి లాగడం ఎందుకమ్మా? మనం మనం కలిసి, గౌరవంగా..."

"లాగింది మీరే. నేను దింపమంటున్నాను."

పెట్టె మూత తీశాడు. లోపల ఒక సీసా, అందులో పన్నెండు పువ్వులు, రేకులు వాలిపోయి. ల్యాబులో మిగిలినవి అవేనట. ఎవరి చేతిలోనూ నిలవడం లేదట. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున పైనుంచి పెద్దలొస్తున్నారు. వాళ్ళ ముందు, ల్యాబు సొంత పువ్వులు గాట్లు పడి గొడుగుపిల్లల్ని వదలడం చూపించాలి. చూపిస్తే తప్పు సరిదిద్దింది ల్యాబే అవుతుంది. అంటే వాడే అవుతాడు.

"మీ సీసా ఒకటి ఇస్తే..."

"ఇవ్వను."

"పోనీ ఇవే కాస్త కోలుకునేలా చూడండమ్మా. మేత పెట్టి, నీళ్ళు మార్చి. మీ చేతిలో ఏదో ఉంది."

"తొట్లు కడిగిన చేతి పక్కన ఉన్న చెయ్యి ఇది" అన్నాను. "వినండి. 'పొట్టలో మేత ఉండగా నేనే కోశాను. వద్దని చెప్పినా వినలేదు. సీసాలు కలపలేదు. కనిపెట్టింది తొట్లు చూసే మనిషి.' ఈ నాలుగు మాటలూ మీ పేరు పెట్టి రాసి, మీ నీలిగొడుగు సంగతి ముందు పడిన పుస్తకంలోనే అచ్చేయించి తీసుకురండి."

"అలా రాయరమ్మా. దానికి వేరే భాష ఉంటుంది."

"ఏ భాషలోనైనా రాయండి. ఆ నాలుగు మాటలు ఉండాలి."

"చూద్దాం" అని లేచాడు. సీసా మాత్రం గట్టు మీద పెట్టి వెళ్ళాడు. పెంచే ఆడది మేత మాన్పించదని వాడి ధీమా.

ఆ సీసాకి మేత పెట్టక ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆకలితో పువ్వు వెంటనే చావదని ఆయన చెప్పారు. రేకులు పొట్టిబడతాయి. ఒళ్ళు కుంచించుకుపోతుంది. కొన్ని తమ కాలికింద గట్టి మూతతో ఒక గుల్ల కట్టుకుని, అందులో తమ ప్రాణం కొంచెం దాచుకుంటాయి. ఆ గుల్ల నెలలపాటు, ఒక్కోసారి ఏడాది పైన, నోరు మూసుకుని కూచుంటుందట. చంపడం నా చేతకాదు. అవీ ఆయన చేతిమీద పెరిగినవాటి సంతానమే. కానీ ఇరవయ్యో తారీఖున ఆ గుల్లల్ని చూడ్డానికి ఎవరూ రారు. ఎనిమిది నెలలు ఒక మనిషిని పొడిగదిలో కూచోబెట్టిన వాడు కొన్నాళ్ళు గోధుమరంగు చుక్కల్ని చూస్తూ కూచోనీ.

రోజూ ఫోను చేస్తాడు. "ఎలా ఉన్నాయమ్మా?"

"బతికే ఉన్నాయి. నా నాలుగు మాటలు ఎంతవరకొచ్చాయి?"

"డ్రాఫ్టు నడుస్తోంది."

ఇవాళ పొద్దున కూడా తొమ్మిది సీసాలకీ చుక్కలు లెక్కపెట్టి వదిలాను. రెండు గంటలాగి నీళ్ళు మార్చాను. గట్టు తుడిచాను, పదో సీసా చుట్టూ కూడా శుభ్రంగా తుడిచాను. దాని మూత తియ్యలేదు.